చేతులు కట్టుకున్న అమ్మాయి, నలభై ఒక్క ప్రశ్నలు

నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న కుర్రవాడు మొన్న ఫోన్ చేశాడు. "సార్, మీ అనుభవం మీద ఒక పది పాయింట్లు రాసియ్యండి, గోడకు అంటిస్తా" అన్నాడు. సరిపోయింది! పాయింట్లు రాసిచ్చే జబ్బే ఒకప్పుడు ఒక అమ్మాయి కొంప ముంచబోయింది. అందుకని పాయింట్లు రాయను. జరిగింది రాస్తాను. ఏరుకునేవాళ్ళు ఏరుకోండి.

అనంతపురం శివార్లలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో విదేశీ విద్యా విభాగం చూసేవాణ్ణి. విభాగమంటే ఒక టేబులు, రెండు కుర్చీలు, మధ్యాహ్నం రెండింటికి తిరగడం మానేసే ఫ్యాను. పని చెప్పడానికి తేలిక. మన పిల్లల్ని ఒక సెమిస్టరు బయటి దేశానికి పంపాలి. అక్కడ వారానికి మూడు రోజులు క్లాసు, రెండు రోజులు ఫ్యాక్టరీలోనో పొలంలోనో ఇంటర్న్‌షిప్పు. రెండింటి మార్కులూ తెచ్చి ఇక్కడి సెమిస్టరులో కలపాలి.

మా నాయన గుంతకల్లులో రైల్వే గార్డు. ఏ బండి ఏ బండికి కలుస్తుంది, ఇది లేటయితే దాన్ని ఆపుతారా లేదా అన్న మాటలు అన్నం దగ్గర వింటూ పెరిగాను. చదువూ ఇంటర్న్‌షిప్పూ కూడా నాకు అలాగే కనిపించాయి. టైములు కుదిరిస్తే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. ఆ పొరపాటులో చాలా ఏళ్ళు హాయిగా బతికాను.

గొర్ల దగ్గరికే పోయినాడు

మొదట్లో పంపినవాళ్ళలో మంజునాథ్ ఒకడు. మడకశిర వైపు పిల్లవాడు, వ్యవసాయ డిగ్రీ. ఇంట్లో గొర్రెల మంద. వాళ్ళమ్మ చెవికమ్మలు అమ్మి చదివిస్తోంది, వీడు మంద వెనక తిరగకూడదని. ఐర్లండులో ఒక కాలేజీలో సీటు కుదిర్చి, పక్కనే ఒక పెద్ద పొలంలో ఇంటర్న్‌షిప్పు పెట్టించాను. పొలంలో ఏముందో నేను అడగలేదు. గొర్రెలున్నాయి.

వాడికి ప్రాణం లేచొచ్చింది. వారానికి రెండు రోజులు పోవలసినవాడు అయిదు రోజులూ అక్కడే. ఆ రైతు వాడిని నెత్తిన పెట్టుకుని, ఇలాంటి కుర్రాణ్ణి నా జన్మలో చూడలేదని నాకు ఉత్తరం రాశాడు. నేను ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించాను. సెమిస్టరు చివర కాలేజీ నుంచి కూడా ఉత్తరం వచ్చింది. మూడు సబ్జెక్టులు ఫెయిలు.

వాళ్ళమ్మ నా టేబులు ముందుకొచ్చి నిలబడింది. "ఏమప్పా, గొర్లను వదిలిపెట్టి చదువుకోనీ అని పంపిస్తే, అంత దుడ్లు పెట్టి ఇమానమెక్కి, ఆడ కూడా గొర్ల దగ్గరికే పోయినాడా! దానికి మా పెద్దమంద ఈడ లేదా?"

నవ్వు, సిగ్గు రెండూ వచ్చాయి. తప్పు నాదని ఒప్పుకునే బదులు ఒక రూలు రాశాను. క్లాసూ ఇంటర్న్‌షిప్పూ రెండూ పాసైతేనే సెమిస్టరు పాసు, ఒకటి పోతే రెండోదీ పోయినట్టే. అక్కడి యూనివర్సిటీల చేత కూడా ఒప్పించాను. మా డైరెక్టరుగారు భుజం తట్టారు. ఆయనకు విభాగమంటే ఫ్లెక్సీ. విమానాశ్రయంలో పిల్లలు బొటనవేలు ఎత్తి నిలబడ్డ ఫోటో వస్తే చాలు, తిరిగొచ్చిన పిల్లల్ని ఎప్పుడూ ఒక్క మాటా అడిగేవారు కాదు.

ఆ రూలు సంగతి గుర్తుంచుకోండి.

నూర్జహాన్ మేడమ్ గొడవ

పిల్లలు ఏం నేర్చుకున్నారని నన్ను అడిగినావిడ ఒకరే, పరీక్షల విభాగం చూసే నూర్జహాన్ మేడమ్. ఆవిడ సంతకం లేకుండా మార్కులు కలవవు.

"క్లాసుకు పరీక్ష పేపరు ఉండాది. మరి ఇంటర్న్‌షిప్పుకు? ఫ్యాక్టరీవాడు బాగుందని రాస్తే నేను మార్కులు ఎయ్యాల్నా? పిల్లోళ్ళు ఏం నేర్చుకున్నారో నాకెట్ల తెలుస్తాది?"

పిల్లలు రోజుకు అర పేజీ డైరీ రాసి, వారం వారం ఫోటో తీసి పంపాలని పట్టుబట్టింది. ఏ భాషలో రాసినా సరేనంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను విసుక్కున్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని క్యాంటీన్‌లో ఆవిడ గురించి అన్నాను కూడా. డైరీలు నా మెయిలుకు వచ్చేవి. వచ్చినవి వచ్చినట్టే ఒక ఫోల్డరులో పడేసి, సెమిస్టరు చివర ఆవిడకు ఒక్కసారిగా పంపేవాణ్ణి. ఒక్కటి తెరిచి చూస్తే ఒట్టు.

రేవతి

రేవతిది ధర్మవరం. మెకానికల్ మూడో సంవత్సరం. తండ్రి ఈరన్న పట్టుచీరలు నేస్తాడు, ఇంట్లోనే గుంతమగ్గం. చిన్నప్పటి నుంచి కండెలకు దారం చుట్టిన పిల్ల. జర్మనీలో ఒక యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఇంటర్న్‌షిప్పుకు దగ్గరలో నేత ఫ్యాక్టరీ ఉంటే చూడమని రాశాను. దొరికింది. అది కార్లకు సీటు బెల్టులు నేసే ఫ్యాక్టరీ.

నాకు భలే సరదా వేసింది. సీటు బెల్టు కూడా మగ్గం మీదే పుడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. పడుగు, పేక, అంతా చీర లెక్కే. ఎగిరి గంతేసి పంపించాను. పంపేముందు అందరికీ ఇచ్చే కాగితం ఆ పిల్లకూ ఇచ్చాను. ఒకటి, టైముకు వెళ్ళాలి. రెండు, చెప్పందే మిషన్లు ముట్టుకోకూడదు. మూడు, అనవసరమైన ప్రశ్నలు అడిగి యూనివర్సిటీ పరువు తీయకూడదు. ఇలా తొమ్మిది ఉండేవి. "చూసి రమ్మంటే కాల్చి రావద్దమ్మా" అని నోటితో కూడా చెప్పాను. ఆ పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచుకుంది.

అయిదు వారాలకు ఫ్యాక్టరీ నుంచి మూడు వాక్యాల రిపోర్టు వచ్చింది. టైముకు వస్తుంది. చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆసక్తి ఏమీ కనబడలేదు. రెండు వారాల్లో మార్పు లేకపోతే ఇంటర్న్‌షిప్పు ఆపేస్తామని కింద ఒక ముక్క.

ఇంటర్న్‌షిప్పు ఆగితే నా రూలు ప్రకారం క్లాసు కూడా పోతుంది. సెమిస్టరు పోతుంది. మళ్ళీ ఆ సబ్జెక్టులు మొదలయ్యేదాకా ఆగి, ఏడాది చిన్నవాళ్ళతో కూర్చోవాలి. వాళ్ళ చుట్టాల్లో ఈ పిల్లను పంపడం ఇష్టంలేనివాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. ఒక్క ఈరన్న మొండిగా నిలబడి పంపాడు.

అక్కడ మధ్యాహ్న భోజనం వేళ చూసి ఫోన్ చేశాను. ముందూ వెనకా చూడలేదు, దులిపేశాను. "ఏమ్మా, నిలబడి నిద్రపోవడానికేనా అంత దూరం పోయింది? నీ వల్ల ఇంకొకరిని ఆ ఫ్యాక్టరీ చేర్చుకుంటుందా?"

ఆ పిల్ల మెల్లగా, "మీరు చెప్పినట్లే చేస్తాండా సార్" అంది.

ఎదురు మాట్లాడిందనుకుని ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే చీదర పుడుతుంది.

రూలు కాస్త సడలించమని నూర్జహాన్ మేడమ్ దగ్గరకు పోయాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది.

"రూలు రాసింది మీరు, నన్నేంటికి అడుగుతారు సార్? సరే, ఆ పాప డైరీ ఏం చెప్తాండాది?"

"చదవలేదు."

"చదవకుండానే ఫోన్ చేసి తిట్టినారా? యా అల్లా! పోండి సార్, ముందు పోయి చదువుకోని రాపోండి."

ఫోల్డరులో ఏముంది

ఫ్యాను ఆగిపోయిన గదిలో కూర్చుని తెరిచాను. అర పేజీ రాయమంటే రెండేసి పేజీలు రాసింది. అన్నీ తెలుగులో, అన్నీ ప్రశ్నలే. వేలు పెట్టి లెక్కపెడితే నలభై ఒకటి.

"మిషను ఆగినప్పుడల్లా మేస్త్రీ ముందు ఎడమ పక్కకే చూస్తాడు. దారం కుడి పక్కన తెగినా ఎడమకే చూస్తాడు. ఏంటికి?"

"పొద్దున్నే దారం ఎక్కువ తెగుతాది. మా ఇంట్లో ఎండాకాలం తెగుతాది. ఈడ చలికి తెగుతాదా, హీటర్ వేసినందుకా?"

"తప్పు నేస్తే మా నాయన విప్పుతాడు. ఒక్క పోగు కోసం పూటంతా విప్పుతాడు. వీళ్ళు ఆ ముక్కను కోసి పారేస్తారు. విప్పితే బలం తగ్గుతాదనా, టైము లేకనా?"

"మూడో మిషను మోత మిగతావాటి మాదిరి లేదు. మేస్త్రీకి అది వినపడతాండాదా, అలవాటై పోయిందా? మంగళవారం క్లాసులో కంపనాల లెక్క చెప్పినారు. ఆ లెక్క ఈ మోతకు పనికొస్తాదేమో. ఎవరిని అడగాల? క్లాసులో సారు ఈ మిషను చూడలేదు. మేస్త్రీ ఆ లెక్క చూడలేదు."

ఆ చివరి మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాను. చదువునూ ఇంటర్న్‌షిప్పునూ కలపడమంటే అదే కదా! అన్నేళ్ళు టైములు కలిపాను గానీ, ఆ రెండింటి మధ్య నిలబడి ఒక పిల్ల ఏం చూస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. వజ్రకరూరు దగ్గర తొలకరి పడితే జనం వజ్రాల కోసం పొలాల్లో తలలు వంచుకుని నేలంతా వెతుకుతారు. ఆ పిల్ల ఆ ఫ్యాక్టరీని అలా చూసింది. ఆసక్తి లేదట! కోపం వచ్చింది, ముందు నా మీదే.

మర్నాడు అదే వేళకు మళ్ళీ ఫోన్ చేశాను. తప్పయిపోయింది అన్నాను. పిల్లలకు ఆ మాట చెప్పడం నాకు అదే మొదలు.

"ఇన్ని ప్రశ్నలు రాసుకుని ఒక్కటి కూడా అడగలేదేమ్మా?"

"మీ కాయితంలో మూడో పాయింటు సార్."

అనవసరమైన ప్రశ్నలు అడగకూడదని రాసింది నేనే.

"అదొక్కటే కాదు సార్" అని తనే అందుకుంది. "మా ఇంట్లో పని నేర్చుకునేది అట్లనే. మా అన్న ఏడాది పొడుగునా మగ్గం పక్కన కూచోని చూసినాడు. ముట్టుకోలేదు, అడగలేదు. ఒక దినం మా నాయనే, పేక దారం అటూ ఇటూ తీసకపోయే నాడె చేతికిచ్చినాడు. అంతవరకూ చెయ్యి పెట్టరాదు. ఈడ మేస్త్రీ కూడా ఇస్తాడని చూస్తాండా."

ఆ మేస్త్రీ ఏమో ఈ పిల్ల ఎప్పుడు చెయ్యి పెడుతుందా అని చూస్తున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు మర్యాద ఇచ్చుకుంటూ అయిదు వారాలు నిలబడ్డారు.

"అడగందే అమ్మైనా పెట్టదమ్మా. గురువారం పోయి ఒక్కటి అడుగు" అన్నాను. "సరే సార్" అంది. ఆ సరేలో సరే లేదు. గురువారం డైరీ అదే రోజు తెప్పించుకుని చదివాను. "ఈ దినం కూడా అడగలేకపోయినా. నోరు రాలేదు" అని ఉంది. గడువు ఇంకొక వారం.

ధర్మవరం

పొద్దున్నే ఉగ్గాని తిని బస్సెక్కాను. ఈరన్న మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. తల ఎత్తకుండానే "కూచోండి సార్" అన్నాడు. నాడె అటూ ఇటూ పోతోంది. కూతురు సెమిస్టరు పోయేలా ఉందని చెప్పడానికి వచ్చినవాణ్ణి, చూస్తూ కూర్చుండిపోయాను. ఆకుపచ్చ పడుగు మీద వెలుగు పడి మెరుస్తుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"సార్, చెయ్యి" అన్నాడు ఈరన్న. గబుక్కున వెనక్కి తీసుకున్నాను.

ఆయన భార్య టీ తెచ్చింది. జరిగింది చెప్పాను. ఈరన్నకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది.

"నా బిడ్డ ఏం తప్పు చేసినాది సార్? చూస్తాండాది. చూడకుండా నేర్చుకునేదెట్ల?"

"అడగాలి ఈరన్నా. వాళ్ళకు మాట్లాడకపోతే మనసు లేదని లెక్క."

"ఓహో. నోరుండేవానికే పనొస్తాదనుకుంటారా ఆడ?" అని నేస్తూనే అన్నాడు. "అడిగితే ఏమైతాది తెలుసునా సార్? అడిగిందానికి మాత్రం జవాబు చెప్తాడు. అడగనిది పోతాది. నోరు మూసుకోని చూస్తే రెండూ కనపడతాయి."

ఆయన మాట తప్పని ఇప్పటికీ అనలేను. అందుకని వాదించలేదు. ఫోనులో రేవతి డైరీ తీసి చదివి వినిపించాను. మోత గురించి విన్నాడు. చలి గురించి విన్నాడు. "తప్పు నేస్తే మా నాయన విప్పుతాడు" అన్న దగ్గర నాడె ఆగిపోయింది.

"అట్ల రాసిందా?"

"రాసింది. వాళ్ళు ఎందుకు కోస్తారో తెలుసుకోవాలనుంది ఆ పిల్లకు. అడగడానికి నోరు రావడంలేదు. వచ్చే గురువారం దాటితే ఏడాది పోతుంది. ఆ కాగితం రాసిచ్చింది నేనే, కానీ నేను చెబితే ఆ పిల్ల నోరు తెరవడంలేదు."

ఈరన్న గుంతలోంచి లేచి చేతులు తుడుచుకున్నాడు. అక్కడ ఇంకా తెల్లవారి ఎంతోసేపు కాలేదు. కూతురు ఫోన్ ఎత్తగానే కుశలం కూడా అడగలేదు.

"పాపా, చూసింది చాల్లే. నాడె నేనిస్తాండా, తీసుకో. పోయి అడుగు."

అటువైపు నుంచి ఏం వినిపించిందో నాకు తెలియదు. ఈరన్న కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "ఇంగోటి. విప్పకుండా ఏంటికి కోస్తారో కనుక్కోని నాకు చెప్పు."

మేస్త్రీ చెప్పింది

గురువారం అడిగింది. మొదటి ప్రశ్నే, మీరెందుకు ముందు ఎడమకు చూస్తారు అని. ఆ మేస్త్రీ తెల్లబోయి, "నేనా? చూడనే" అన్నాడట. అంతలో మిషను ఆగింది. ఎడమకు చూశాడు. చూసి, తనను తానే పట్టుకున్నట్టు బిగ్గరగా నవ్వి, పక్క మిషన్లవాళ్ళను కూడా పిలిచాడు. అందరూ కలిసి ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, ఆయన కుర్రతనంలో ఉన్న పాత మిషన్లకు ఎర్రదీపం ఎడమ పక్కన ఉండేది. మిషన్లు పోయాయి, దీపం పోయింది, మెడ మాత్రం ఇంకా తిరుగుతోంది.

ఆ సాయంత్రానికల్లా ఆ పిల్ల చేతులు మిషను మీద ఉన్నాయి. ముక్క ఎందుకు కోస్తారో కూడా చెప్పాడు. విప్పిన దారం నలిగి ఉంటుంది, ప్రాణం నిలబెట్టే బెల్టులో నలిగిన దారం పెట్టకూడదు. ఈరన్నకు ఆ జవాబు నచ్చింది. "అయితే వాళ్ళు చేసేది న్యాయమే" అన్నాడు. మూడో మిషను మోత కోసం మేస్త్రీ, రేవతి కలిసి క్లాసు లెక్క ముందు పెట్టుకుని రెండు వారాలు తంటాలు పడ్డారు. ఏమీ దొరకలేదు. అది ఎందుకు మోగుతుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆఖరి రిపోర్టులో ఫ్యాక్టరీవాళ్ళు ఇలా రాశారు: ప్రశ్నలు ఎక్కువ, అప్పుడప్పుడూ పనికి అడ్డం. ఇంటర్న్‌షిప్పు పాస్. నేను ఫ్రేము కట్టించిన రెండో ఉత్తరం అది. నూర్జహాన్ మేడమ్ డైరీ మొత్తం చదివి సంతకం పెట్టింది. క్యాంటీన్‌లో ఆవిడ గురించి నేనన్న మాటలు ఆవిడకు ముందే తెలుసట. "కుందేలుకు నాలుగు కాళ్ళే సార్" అంది, అంతే.

మిగతా పిల్లలకు ఆ తొమ్మిది పాయింట్ల కాగితం ఇవ్వడం మానేశాను. మొదటి రెండు వారాలు చూడండి, రాయండి. మూడో వారం రాసింది అడగండి. అంతే చెప్పేవాణ్ణి. నా కుర్చీలో ఉన్న అబ్బాయికి కూడా ఒకటే చెబుతాను, డైరీలు వచ్చిన రోజే చదువు నాయనా. అసలు ఉద్యోగం అదే. మిగిలిందంతా టైము టేబులు.

గురువారాలు

రిటైరయ్యాక ఏం చేస్తున్నావని అందరూ అడుగుతారు. గురువారం గురువారం ధర్మవరం బస్సెక్కుతున్నాను. ఆ రోజు మగ్గం పక్కన చూసింది నన్ను వదలలేదు. నేర్పిస్తావా అని ఈరన్నను అడిగితే, నన్ను కిందికీ పైకీ చూసి, "కూచోండి. ముట్టాకండి" అన్నాడు.

కూర్చుంటున్నాను. ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. మగ్గం తొక్కే కాలు మార్చే ముందు ఆయన ఒక్క క్షణం ఊపిరి బిగబడతాడు, ఎందుకు? అంచు దగ్గరకు రాగానే పెదవి కొరుకుతాడు, ఎందుకు? నాలుగు నెలలైంది, ఇంకా నాడె చేతికి రాలేదు.

రేవతి ఇప్పుడు హోసూరు దగ్గర ఒక కంపెనీలో ఉంది. పోయిన గురువారం నేను మగ్గం పక్కన ఉండగానే ఫోన్ చేసింది.

"ఎన్ని ప్రశ్నలు రాసినారు సార్?"

"ముప్పై దాటినాయమ్మా."

"ఎన్ని అడిగినారు?"

ఈరన్న వైపు చూశాను. తల వంచుకుని నేస్తున్నాడు. నాడె ఆగలేదు. ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నోరు రాలేదు కదా సార్?" అంది. నవ్వింది గానీ ఎగతాళి లేదు అందులో.

"రాలేదమ్మా."

"ఫోను మా నాయనకియ్యండి సార్. నేను చెప్తా."